ఫ్రెంచివాళ్ళ చప్పట్లు

మేము వలస వచ్చి ఉంటున్న విదేశీ నగరంలో, రిక్కార్టన్ అనే పేటలో, ఒక కమ్యూనిటీ హాల్లో శనివారాలు పిల్లలకు కూచిపూడి నేర్పుతుంటాను. మా తరువాత అదే హాల్లో ఫ్రెంచి భాష క్లాసు జరుగుతుంది. ఆ పాఠాలు చెప్పే ఫ్రెంచావిడ ఒకరోజు కాస్త ముందుగా వచ్చి, తలుపు దగ్గర నిలబడి మా పిల్లల అడుగులు చూసింది. చలికాలంలో ఒక ఆదివారం ఇక్కడున్న తమవాళ్ళ కుటుంబాలన్నీ కొండల అవతల అకరోవా అనే ఊళ్ళో కలుస్తాయని, అక్కడ నేను నాట్యం చేస్తే బాగుంటుందని అడిగింది. ఒప్పుకున్నాను. ఆ సంగతి మావారు ఎదురింటి అంకుల్‌కు చెప్పడంతో నా కష్టాలు మొదలయ్యాయి.

అంకుల్‌ది గుంటూరు. ఇక్కడికి రాకముందు కంపెనీ పని మీద కొన్నాళ్ళు పారిస్‌లో ఉన్నారు. ఫ్రెంచివాళ్ళ గురించి ఆయనకు తెలియనిది లేదని మావారి నమ్మకం. ఆయన నమ్మకమూ అదే. ఇక రోజూ సాయంత్రం ఆయన రావడం, నేను టీ పెట్టడం, ఒక కొత్త సలహా వినడం. స్టేజి ఎక్కగానే ఇంగ్లీషులో మాట్లాడవద్దు, ముందు వాళ్ళ భాషలో నమస్కారం చెప్పమన్నారు. నేను కష్టపడి రెండు వాక్యాలు బట్టీపట్టాక, వచ్చీరాని ఫ్రెంచి వింటే వాళ్ళకు ఒళ్ళు మండుతుందన్నారు. పాట అర్థం ముందే చెప్పేస్తే తమను పసిపిల్లల కింద జమకట్టినట్టు భావిస్తారని ఒకరోజు, చెప్పకపోతే వాదనకు దిగుతారని మరునాడు. చప్పట్లు కొట్టమని మాత్రం చచ్చినా అడగకూడదట. నేను ఎప్పుడు అడిగాను గనక?

అన్నిటికన్నా నా నవ్వు ఆయనకు పెద్ద సమస్య అయిపోయింది. మా ఇంటి హాల్లో సాధన చేస్తుంటే సోఫాలో కూర్చుని ఆపించారు.

"నవ్వు తగ్గించమ్మా. అక్కడ ఊరికే నవ్వేవాళ్ళని ఎవరూ నమ్మరు. ఏదో అమ్మడానికి వచ్చిందనుకుంటారు."

"వెన్న దొంగిలించి దొరికిపోయిన పిల్లాడి అభినయం అంకుల్ ఇది. నవ్వకుండా ఎలా చెయ్యను?"

"ఫ్రెంచి పిల్లాడనుకో."

మావారు గంభీరంగా తలూపారు. ఇద్దరినీ వాకిట్లోకి పంపి తలుపేసుకోవాలనిపించింది.

ఆ ఆదివారం కొండ దారిలో మలుపులు తిరుగుతూ అకరోవా వెళ్ళాం. అంకుల్ ముందు సీటులో కూర్చుని దారి పొడుగునా ఫ్రెంచి చీజుల గురించి చెప్పారు. కార్యక్రమం భోజనాలయ్యాక అన్నారు గాని, ఆ భోజనాలు ఎంతకీ అయితేనా. నేను పూర్తి అలంకరణతో వెనక గదిలో వణుకుతూ కూర్చున్నాను. నేను ఎక్కి ఆడాల్సిన ఇత్తడి పళ్ళెం మంచుగడ్డలా ఉంది. తొంగిచూసినప్పుడల్లా వాళ్ళు ఇంకో పదార్థం దగ్గర తీరిగ్గా కబుర్లాడుతున్నారు. వాళ్ళను తొందర పెట్టకూడదమ్మా, భోజనం వాళ్ళకు పూజ లాంటిదని అంకుల్ మెల్లగా చెప్పారు. ఆయన చేతిలోనూ ఒక ప్లేటు ఉంది.

చివరికి పిలిచారు. మొదటి అంశంలో అంకుల్ మాట గుర్తుంచుకుని పెదవులు బిగించాను. హాలంతా నిశ్శబ్దం. మనవాళ్ళ ముందు చేస్తే పిల్లలు పరిగెడతారు, ఎవరో ఫోను ఎత్తుతారు, మధ్యలో చప్పట్లు పడతాయి. ఇక్కడ ఒక్క కుర్చీ కదల్లేదు. నచ్చిందో లేదో ఎవరి ముఖంలోనూ తెలియలేదు. వెన్న దొంగ దగ్గరికి వచ్చేసరికి నాకు విసుగు పుట్టి, వాళ్ళేమనుకుంటే అనుకోనీ అని నవ్వేశాను. తరువాత తరంగం. తల మీద నీళ్ళ చెంబు పెట్టుకుని పళ్ళెం అంచుల మీద నిలబడి, చుక్క ఒలకకుండా ముగించి దండం పెట్టాను.

చప్పట్లు మొదలయ్యాయి. మామూలుగానే మొదలై, కాసేపటికి అందరి చేతులూ ఒకే తాళానికి పడసాగాయి. ఈ దేశంలో అలాంటి చప్పట్లు నాకు తెలుసు. మా ఆఫీసు ఫంక్షన్‌లో ఒకసారి కార్యక్రమం ఎంతకీ మొదలుపెట్టకపోతే జనం విసిగిపోయి ఇలాగే కొట్టారు. ఇక చాలు, దిగమంటున్నారనుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక వరసలోంచి మావారు ఈల వేశారు. అంకుల్ అంతకన్నా గట్టిగా, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేశారు. ముందు వరసల్లోని వాళ్ళంతా కోపంగా వెనక్కి తిరిగారు. నేను పళ్ళెం తీసుకుని లోపలికి వచ్చేసి, ఏడుపు ఆపుకుంటూ గజ్జెలు విప్పడం మొదలుపెట్టాను.

ఫ్రెంచావిడ పరుగున వచ్చింది. బయట అంతమంది మళ్ళీ రమ్మని పిలుస్తుంటే ఇక్కడేం చేస్తున్నావని అడిగింది. అందరూ కలిసి ఒకే తాళానికి కొట్టడమంటే మళ్ళీ కావాలని అడగడమట. వాళ్ళ దగ్గర అంతకుమించిన మెప్పు లేదట. ఆవిడకు నా మీద కన్నా ఆ ఇద్దరి మీద కోపంగా ఉంది.

"వాళ్ళు మీవాళ్ళే కదా? మరి నిన్ను అంత ఘోరంగా అవమానిస్తున్నారేమిటి?"

ఈల వాళ్ళకు తిట్టు. మా ఊళ్ళో సినిమా హాల్లో ఈల పడితేనే బొమ్మ ఆడినట్టని ఆవిడకు చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చప్పట్లు ఆగలేదు. వేళ్ళు కొంకర్లు పోతుండగా గజ్జెలు మళ్ళీ కట్టుకుని వెళ్ళాను. ఈసారి ఎవరి సలహా తలచుకోకుండా చేశాను. ఆ కాసేపు మాత్రం నిజంగా సంతోషించాను.

తిరుగు ప్రయాణంలో అంకుల్‌ను అడిగాను.

"చప్పట్ల సంగతి, ఈలల సంగతి ఒక్కసారైనా చెప్పలేదేమంకుల్?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "పారిస్‌లో నేను ఏ ప్రోగ్రామ్‌కీ వెళ్ళలేదమ్మా. ఆఫీసు అవ్వగానే రూముకొచ్చి అన్నం వండుకునేవాణ్ణి. క్యాంటీన్‌లో వాళ్ళని చూసిందే."

మావారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. నేనేదన్నా అంటే కారు ఆపాల్సి వచ్చేదేమో. శాలువా కప్పుకుని కళ్ళు మూసుకున్నాను.

ఆ తరువాత ఇద్దరు ఫ్రెంచి స్త్రీలు నా శనివారం క్లాసులో చేరారు. ఒకామె నర్సు, ఇంకొకామె బేకరీలో పని చేస్తుంది. ఇద్దరికీ శ్రద్ధ ఉంది, తాళజ్ఞానం ఉంది. కాని కుడికాలు ముందెందుకు, చెయ్యి ఇక్కడే ఎందుకు ఆగాలి, ఎడమవైపు తిరిగితే ఏం పోతుంది అని తేల్చుకోకుండా అడుగు వెయ్యరు. మా గురువుగారిని అలా అడిగి ఉంటే తట్టుకర్ర నా వీపు మీద పడేది. జవాబు తెలియనివి ఇంటికి వచ్చి తిట్టుకుంటూ వెతుక్కుంటున్నాను. మొన్న వాళ్ళిద్దరూ ఒక అడుగు గురించి తమలో తామే వాదించుకుంటుంటే, పిల్లలంతా కింద కూర్చుని తగువు తీరేదాకా చూశారు.