అలిసిపోని పంది

ఆ రోజుల్లో ఉద్దానంలో అడవిపందికి ఎదురెళ్లడమంటే ఏమిటో, ఇప్పుడు పలాస బజారులో నన్ను చూసి నవ్వేవాళ్లకు ఏం తెలుసు? కత్తుల్లాంటి కోరలు, బల్లెం దిగని తోలు. దెబ్బ తగిలితే పారిపోదు, తిరగబడుతుంది. అలాంటిదాని ముందు నిలబడ్డవాణ్ణి నేను. (వెనకాల పోయానంటారు గిట్టనివాళ్లు. అదీ చెబుతాను, ఆగండి.)

మా మావ సముద్రం మనిషి. జీడితోటల పక్కన ఇసుక నేలలో చిలగడదుంపలు వేస్తే, ఓ పంది వచ్చి రోజూ పెళ్లగించేది. ఆయన కూతురంటే నాకిష్టమని ఊరంతటికీ తెలుసు. "పందిని ఆపనేనోడికి పిల్లనెలగిత్తాన్రా?" అన్నాడు. "నీ వల తియ్యి మావా," అన్నాను. సొరచేపను ఆపిన వల పందినాపదా?

పొద్దుండగానే చేను గట్టున రెండు కర్రలకు వల ఆనించి, వల తాడు చుట్టగా చుట్టి చేత పట్టుకుని, కొస నడుముకు కట్టుకున్నాను. (చుట్టూ అన్ని జీడిచెట్లున్నా వాటికి కట్టాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.) పంది వచ్చింది, వలలో తల దూర్చింది, చిక్కింది! నేను బిగించి లాగుతుంటే మావ కేకేశాడు. "లాగకురా, తెగిపోద్ది! తాడొదులు! పెద్ద సేపకి ఒదలమేటి? అదే అలిసిపోతాది!"

సముద్రంలో ఆ మాటకు తిరుగులేదు. వదిలాను. పంది పరిగెత్తింది. తాడు అయిపోయింది. ఆ తర్వాత నేనూ పరిగెత్తాను, కాసేపు కాళ్ల మీద, మిగతా దూరం పొట్ట మీద. రాలిన జీడిపళ్లన్నీ ఒంటికి పూసుకుని మొగలిపొదలో తేలాను. అక్కడ తాడు తెగింది. పంది వలతో సహా వెళ్లిపోయింది.

"మావా, ఇంకా అలిసిపోనేదేటి?" అన్నాను ముళ్లలోంచి.

"నా వలేదిరా?" అన్నాడాయన.

పెళ్లి మాట అక్కడితో మునిగిందన్నారంతా. నేనొప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆయన ఆపమన్నాడు, పట్టుకోమన్నాడా? ఆ పంది మళ్లీ ఆ చేలో కాలు పెట్టిందా? దుంపలు తవ్వి బుట్టలు నింపే రోజున అందరి ముందూ అదే అడిగాను. మావ వంగి దుంపలకు మట్టి దులపసాగాడు. బుట్ట ఎత్తుకుంటున్న కూతురే అంది, "నిజిమే కదా అయ్యా!"

ఇప్పుడు వేట నేరం, సరే. పందులకు ఆ సంగతి బాగా తెలుసు, దర్జాగా వస్తున్నాయి. పెరట్లో అలికిడైతే నా చెయ్యి ఇంకా నడుము దగ్గరికే పోతుంది. "ఈపాలి సెట్టుకి కట్టు బావా," అంటుంది మా ఆవిడ, నవ్వాపుకోలేక.

చెట్టుకా? చెట్టుకు కట్టేవాణ్ణైతే ఈవిడ "నిజిమే" అనేదా?