తీర్థమనుకుని తాగిన నీళ్లు

నాకు ముక్కు మీదే కోపం. ఆ కోపం పుణ్యమా అని, ఫ్రీమాంట్‌లో మా కింది ఫ్లాట్‌లో ఉండే థాయ్ ఆంటీకీ నాకూ నెల రోజులు మాటల్లేవు. పోట్లాట అనడానికి కూడా లేదు. నేను అరిచాను, ఆవిడ విన్నది.

స్కూల్ అయ్యాక నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా మా అమ్మాయి ఆవిడ దగ్గరే ఉండేది. ఎనిమిదేళ్ల పిల్ల, ఆవిడని ‘యాయ్’ అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మమ్మ అని అర్థమట. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి పిల్ల నూడుల్స్ తింటోంది, గిన్నె పక్కనే చేపల సాస్ సీసా. మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. అంతే, శివమెత్తాను. “ఎన్నిసార్లు చెప్పాను మీకు? పిల్లని చూసుకోవడమంటే ఇదేనా?” అని గుమ్మంలోనే నిలబడి అరిచి, పిల్లని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. మర్నాటి నుంచి ఆవిడ దగ్గరికి పంపడం మానేశాను.

రెండు వారాలు పోయాక పిల్ల ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. “నేనే అడిగాను అమ్మా. నువ్వు ఓకే అన్నావని యాయ్‌కి చెప్పాను.”

ఆ ఒక్క ముక్క ఆవిడ ఆ రోజే అనేసి ఉంటే నా నోరు అక్కడే మూతపడేది కదా, ఎందుకు అనలేదు? వెళ్లి సారీ చెబుదామంటే మొహం చెల్లలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూనే మరో రెండు వారాలు గడిపేశాను. ఈలోగా ఆవిడ ఫ్లాట్ ఖాళీ చేసి చాండ్లర్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతోందని, సోమవారమే ప్రయాణమని తెలిసింది.

ఆ ముందు శుక్రవారం మా తలుపు కింద ఒక కాగితం కనిపించింది. ఆదివారం బౌద్ధాలయంలో సాంగ్‌క్రాన్, అంటే థాయ్ వాళ్లు నీళ్లు చల్లుకుని చేసుకునే కొత్త సంవత్సరం పండగ, అందరూ రావచ్చని ఆవిడ చేతిరాత. తడిసినా ఫరవాలేని బట్టలు వేసుకోండి, ఫోన్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, భిక్షువుల మీదా చంటిపిల్లల మీదా నీళ్లు చల్లకండి. నన్ను పిలిచిందని పొంగిపోయాను. తీరా చూస్తే ఆ కాగితం బిల్డింగ్‌లో ప్రతి తలుపు కిందా ఉంది. అయినా వెళ్లాం.

కారు దిగీ దిగగానే వీపు మీద చల్లగా ఒక బకెట్టెడు నీళ్లు పడ్డాయి. “ఎవడ్రా అది!” అని తిరిగితే, నడుమెత్తు పిల్ల ఒకతె ఖాళీ బకెట్ పట్టుకుని నవ్వుతూ హ్యాపీ న్యూ ఇయర్ అంది. ఆ ముఖం చూశాక ఎంత నాకైనా కోపం నిలుస్తుందా! పార్కింగ్ లాట్ అంతా వాటర్ గన్నులు, నూనెలో అరటికాయలు వేగుతున్న వాసన. లోపల మాత్రం నెమ్మది. చెప్పులు విడిచి వెళ్లి, ముందున్నవాళ్లని చూసి బుద్ధుడి విగ్రహం భుజాల మీద మేమూ నీళ్లు పోశాం. పక్కన టెంట్ కింద పెద్దవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. చిన్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, వాళ్ల చేతుల మీద పూలనీళ్లు పోసి, ఏడాదిలో చేసిన తప్పులు మన్నించమంటున్నారు. ఆ వరస చివర ఆంటీ ఉంది.

క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి, గిన్నెలు అందిస్తున్నావిడ మల్లెలు తేలుతున్న నీళ్ల గిన్నె నా ముందుకి చాపింది. నా చేతులకి ఏం తెలుసు? ఎడమచెయ్యి కింద ఆనించి, కుడి అరచెయ్యి గుంట చేసి పట్టాను. ఆవిడ తెల్లబోయి కాస్త పోసింది. గుటుక్కున తాగి, తడిచెయ్యి తలకి రాసుకున్నాను. నోరంతా సెంటు.

“అమ్మా! అది డ్రింక్ చెయ్యకూడదు!” అని పిల్ల కేక పెట్టింది.

అయ్యో రామా! సిగ్గుతో చచ్చిపోయాను. తలెత్తితే ఆంటీ నవ్వు ఆపుకోలేక ఊగిపోతోంది. ఆ నవ్వు చూశాక ధైర్యం వచ్చింది. గిన్నె తీసుకుని ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. పిల్ల నా కంటే ముందే ఆవిడ పక్కకి చేరిపోయింది.

“ఆంటీ, ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాను.

“ఈ రోజు అవన్నీ చెప్పక్కర్లేదు. నీళ్లు పొయ్యి,” అంది ఇంగ్లీషులోనే.

పోశాను. ఆవిడ తడిచేత్తో నా తల నిమిరి, వాళ్ల భాషలో ఏదో దీవించింది. వెనకాల క్యూ ఆగి ఉంది, లేవాలి. కానీ ఉండబట్టలేక అడిగేశాను. “పిల్ల అడిగితేనే పెట్టానని ఆ రోజే ఎందుకు చెప్పలేదు?”

“చెబితే దాని మీద అరిచేదానివి. అప్పటికే భయపడి నా వెనక దాక్కుని, చొక్కా పట్టుకుని వణుకుతోంది.”

ఆ రోజు నాకు సాస్ సీసా కనబడింది కానీ, పిల్ల భయం కనబడలేదు. పిల్ల ఇప్పుడూ ఆవిడ చొక్కా కొసే పట్టుకుని నన్ను చూస్తోంది. గిన్నెలు అందిస్తున్నావిడని మరో గిన్నెడు నీళ్లు అడిగి తీసుకుని, ఆంటీ చేతుల మీద మళ్లీ పోశాను.