సోమవారం తూకం

కాటన్‌పేటలో మా బెల్లం అంగడి ఖాళీ చేస్తున్నాం. ఈ ఉదయం కోడలు, "అత్తా, ఈ కాటా పాత ఇనుముకి వేసేద్దామా?" అంది. కింద పలక, పైన జరిపే గుండు ఉన్న పాతకాలపు కాటా. మా ఆయన దాని మీద బెల్లం తూచేవాడు. వద్దన్నాను. తొమ్మిదేళ్ళు అది నన్నూ తూచింది.

1997లో క్యాన్సరని నాకు ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత ఇరవై అయిదుసార్లు కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. చివరి రోజు డాక్టరమ్మ, ఊరికే బరువు తగ్గితే మాత్రం వెంటనే రమ్మంది. గండం గడిచిందని ఇంట్లో అందరూ నమ్మారు. నేను నమ్మలేదు. ప్రతి సోమవారం కాఫీ తాగకముందే, అదే నూలు చీరతో కాటా ఎక్కి, వచ్చిన బరువు క్యాలెండరు గడిలో రాసేదాన్ని. పావుకిలో తగ్గితే ఆ వారమంతా ముద్ద దిగేది కాదు. తోడికోడలు సపోటాలు తెచ్చి, "బాగా తేరుకున్నావక్కా" అంటే, ఈమెకేం తెలిసి ఇంత తీయగా మాట్లాడుతోందని ఆమె వెళ్ళేదాకా మొహమే చూసేదాన్ని.

మరుసటి వేసవిలో బరువు వరుసగా తగ్గుతూ వచ్చినా, ఏం చెబుతారోనన్న భయంతో ఆసుపత్రికి పోలేదు. ఒక సోమవారం ఒక్కసారిగా కిలోన్నర పెరిగింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. నా జాకెట్టు మాత్రం వదులుగానే ఉంది. చారన్నం తిని వారంలో కిలోన్నర పెరిగినవాళ్ళను నేనెక్కడా చూడలేదు. దిగి, ఖాళీ కాటా మీద గుండు జరిపాను. ఏమీ పెట్టకుండానే కిలోన్నర చూపింది. పలక ఎత్తితే కింద కిలో రాయి, అరకిలో రాయి, గోనె పురికొసతో కట్టి ఉన్నాయి.

"ఏమప్పా, ఇదేంది?"

"ఎప్పటికైనా నీ కంట్లో పడుతుందని తెలుసు" అన్నాడాయన. "తగ్గితే తినవు. తినకుంటే మళ్ళా తగ్గుతావు. ఎక్కడో ఒక చోట నిలపాల కదా. గిరాకీ వచ్చేలోపల తీసేస్తాలే."

"జబ్బు తిరిగొచ్చిందని డాక్టరమ్మ నీతో చెప్పుండాది."

"నాకేం చెప్పలా."

"కాటాకే అబద్ధం నేర్పినోనివి. నీ మాట ఎట్ల నమ్మేది?"

ఆయన వంగి పురికొస విప్పసాగాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆ కాటాను ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఆ రోజే ఒక్కదాన్నే బస్సెక్కి ఆసుపత్రికి పోయాను. ఏమున్నా నాకే చెప్పాలి, ఆయనకు కాదు అని డాక్టరమ్మతో అన్నాను. పరీక్షల కాగితాలు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఆయన అన్నం కలుపుకునే తీరును కూడా అనుమానంగానే చూశాను. కాగితాల్లో ఏమీ లేదు. నమ్మకం చాలక ఇంకో డాక్టరుతో చదివించాను. ఆ డాక్టరూ అదే చెప్పాడు. "జబ్బు లేదమ్మా. తిండి లేదు, అంతే."

ఆ తర్వాత కూడా ఎక్కేముందు ప్రతి సోమవారం పలక ఎత్తి చూసేదాన్ని. ఆయన అప్పుడు వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. 2006లో గుండె ఆగి ఆయనే ముందు పోయాడు. నేను తూచుకోవడం మానేశాను.

ఈ ఉదయం కోడలు లోపలికి వెళ్ళాక పలక ఎత్తాను. దుమ్ము, ఎండిన బెల్లం, అంతే. ఆ రోజుల్లో అక్కడ ఏమీ ఉండకూడదని చూసేదాన్ని. ఇన్నేళ్ళ తర్వాత, ఏమైనా మిగిలి ఉందేమోనని చెయ్యి పెట్టి వెతికాను.