ఎనక బాతు వస్తా ఉండాది

మా మామగారు పోయిన శుక్రవారం తెల్లవారుజామున, నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు వెనక వరసలో ఎవరో "ఎవురూ, మోపెడ్ తాతా?" అని అడగడం నాకు వినిపించింది. అవును, ఆయనే. సూళ్లూరుపేట హైవే పక్కన టీ అంగడి ముందు పాత మోపెడ్‌కి స్టాండు వేసి, దాని సీటు మీదే కూర్చుని టీ తాగే పొడుగాటి ముసలాయన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆయన వయసంతా లారీ నడిపారని కూడా కొందరికి తెలుసు. నాకు మాత్రం ఆయన నిజంగా తెలిసింది ఒక చిన్నపిల్లల ఆటవల్ల. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

ఇంటి నుంచే ఉద్యోగం చేసే మా అమ్మాయి, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్ ఒకటి కొనుక్కుంది. అందులో బొమ్మ కార్ల పందెం ఉంది. కోతి, కుందేలు, బాతు, ఎలుగుబంటి తలా ఒక బుల్లి కారెక్కి పోటీపడతాయి. దారిలో దొరికే అరటితొక్కల్ని వెనక్కి విసిరితే, వాటి మీదికొచ్చిన కార్లు జారి గిరగిరా తిరుగుతాయి. ఒక మధ్యాహ్నం అమ్మాయి దాన్ని తాత చేతిలో పెట్టింది. ఆయన బొమ్మలన్నీ తేరిపార చూసి, "వీటిల్లో లోడు బాగా లాగేది ఏదమ్మా?" అన్నారు. అమ్మాయి ఎలుగుబంటిని చూపించింది. అప్పటి నుంచి ఎలుగుబంటి బండి ఆయనదే.

బండి తీసే ముందు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థించడం ఆయన అలవాటు. ఆటలోనూ మానలేదు. పచ్చదీపం వెలిగి అన్ని బళ్లూ దుమ్ము రేపుకుంటూ పోయేవి, ఎలుగుబంటి ఒక్కటే గీత దగ్గర నిలబడి ఉండేది.

"తాతా, అందరూ పోయినారు."

"పోనీమ్మా. ఆయనకి చెప్పకుండా బయల్దేరేది ఎట్టా?"

మలుపుల దగ్గర ఆటలో హారన్ లేదని నోటితోనే మెల్లగా కొట్టేవారు. తనకి దొరికిన తొక్కని ఎన్నడూ విసిరింది లేదు. ఎప్పుడూ ఆఖరి స్థానమే. దారిలో తొక్క కనిపించిందంటే చాలు, ఎలుగుబంటి పోయి దాని మీదే పడేది.

ఆయనకి షుగరు. కుడికంటి చూపు తగ్గుతోందని, జాగ్రత్తగా ఉండమని డాక్టరు అంతకుముందే చెప్పి ఉన్నారు. ఒక సాయంత్రం మావారు వెనక నిలబడి ఆట చూశారు.

"నాయనా, అంత పసుప్పచ్చ తొక్క కనపళ్లా నీకు?"

"కనపడిందిలేరా."

"కనపడితే ఎందుకెక్కినావు?"

మామగారు నవ్వి ఇంకో ఆట మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున మావారు మోపెడ్ తాళం జేబులో వేసుకుని తన అంగడికి వెళ్లిపోయారు. "తొక్క కనపడనోడికి హైవే మీద మనిషి కనపడతాడా?" అని వెళ్లేముందు వంటింట్లో నాతో అన్నారు. కాసేపటికి మామగారు చొక్కా తొడుక్కుని వచ్చి, మేకుకు తాళం లేకపోవడం చూసి, వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. లారీ నడపడం మానేశాక ఆయనకి మిగిలిన బండి అదొక్కటే. టీ ఇస్తే, "ఇంట్లో టీ యెప్పుడన్నా తాగొచ్చులేమ్మా" అన్నారు. గ్లాసు అలాగే చల్లారిపోయింది.

నాకు ఏ విషయమైనా వరసపెట్టి చూస్తే గాని అంతుపట్టదు. ఆయన చూపు ఏ పక్క ఎంత తగ్గిందో తెలుసుకుందామని పప్పు ఏరుకుంటూ పక్కనే కూర్చుని ఆట గమనించడం మొదలుపెట్టాను. కుడికన్ను కాబట్టి కుడిపక్క తొక్కలే కనపడక తగలాలి. కానీ ఎడమ పక్కవీ తగులుతున్నాయి. రోడ్డు అంచున, ఎవరూ పోని చోట పడున్న తొక్క కూడా తగిలింది. అక్కడికి ఎలుగుబంటి దారి మళ్లి మరీ వెళ్లింది.

"మామా, ఇటు రోడ్డంతా ఖాళీ గదా. అటెందుకు తిప్పినావు?"

"అక్కడ తొక్క ఉండాది గదమ్మా."

"అదే నేననేదీ, తొక్క ఉండాది గదా."

"మనం ఎక్కితే అది మాయమైపోద్ది. ఎక్కకుంటే అట్నే ఉంటది. ఎనక బాతు వస్తా ఉండాది."

నా చేతిలో చేట అలాగే ఆగిపోయింది. గదిలోంచి మా అమ్మాయి, "తాతా, బాతుని నడిపేది కంప్యూటరు. దానికేం కాదు" అని అరిచింది.

"ఎవురు నడిపితే ఏందమ్మా, దొర్లేది బాతే గదా."

తర్వాత ఆయనే మెల్లగా చెప్పారు. రోడ్డు మీద లారీ చెడిపోతే చుట్టూ రాళ్లు పేరుస్తారు. బాగయ్యాక తొందరలో రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. చీకట్లో వచ్చే సైకిలుకి, స్కూటరుకి అవి కనపడవు. "ఎవురు పెట్టినారని చూసుకుంటా కూర్చుంటే అయ్యే పని గాదు. దిగి తీసేసి పోవాల, అంతే" అన్నారు.

సాయంత్రం మావారికి చెబితే ఆయన తన చిన్నప్పటి సంగతి చెప్పారు. మామగారి లారీ ఎప్పుడూ ఆలస్యమేనని ఓనరు ఇంటి ముందుకొచ్చి కేకలేసేవాడట. చిన్నతనంలో తండ్రి కోసం ఎదురుచూసి ఎదురుచూసి, మా నాయనకి బండి తోలడం రాదేమో అనుకునేవారట. లేచి వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నారు.

"లేటయ్యేది దీనికేనా నాయనా?"

"శానాసార్లు దీనికే."

"సరే. ఒక్కసారి దేనికీ తగలకుండా తోలు, చూద్దాం."

మామగారు కళ్లు మూసుకుని తెరిచారు. అప్పటికి మిగతా బళ్లన్నీ వెళ్లిపోయాయి. ఆ తర్వాత నేను చూసింది మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ ఎలుగుబంటి తొక్కల మధ్య నుంచి నీళ్లలో చేప పోయినట్టు పోయింది. ఒక్కటీ తగల్లేదు. కోతిని దాటింది, కుందేలుని దాటింది, చివరికి గీత కూడా అందరికంటే ముందే దాటింది. రంగుకాగితాలు రాలుతుంటే ఎలుగుబంటి గెలుపు కప్పు పైకెత్తి గంతులేసింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మామగారు తెరని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఇంకా వెనకెక్కడో ఉన్న బాతు కోసం వెతుకుతున్నారు.

మావారు జేబులోంచి తాళం తీసి ఆయన ఒళ్లో పెట్టారు. ఆ వారంలోనే కంటి డాక్టరుకి చూపించాం. పగలు, ఊళ్లో, నిదానంగా అయితే నడపొచ్చన్నారు. అంతమాత్రం చాలు ఆయనకి.

నిరుడు ఆయుధపూజ మర్నాడు నన్ను చర్చి దగ్గర దించడానికి తీసుకెళ్తున్నారు. హైవే కలిసే చోట ఎవరో దిష్టి తీసి కొట్టిన గుమ్మడికాయలు రోడ్డంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మామగారు బండి ఆపి, "దిగమ్మా" అన్నారు. నేను పక్కకి వెళ్లి నిలబడ్డాను. ఆయన నడిరోడ్డులో గొంతుక్కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. వెనకే వచ్చిన బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అడిగాడు.

"ఏంది పెద్దాయనా, ఏం పోయింది?"

"ఏం పోలేదబ్బా. రోంత ఆగు."

బస్సు వెనక రొయ్యల లారీ, దాని వెనక బైకులు వరసగా ఆగాయి. ఇంజన్లు గురగుర మంటున్నాయి గానీ ఎవరూ హారన్ కొట్టలేదు. ఆయన మోకాళ్ల మీద కొంచెం కొంచెంగా జరుగుతూ, తడి ముక్కల్ని తువ్వాల్లోకి ఎత్తుకుంటున్నారు. కుంకుమ అంటి ఆయన చేతులు రెండూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.