పొగ లేకుండా ఎనిమిది పెట్టెలు

కొవ్వూరు దగ్గర మా కొబ్బరితోటలో ఎనిమిది తేనెపెట్టెలున్నాయి. ఊళ్ళో అందరూ వాటిని మా ఆయన పెట్టెలంటారు. నిజానికి శిక్షణకు వెళ్ళింది నేను. మొదటి పెట్టె తెచ్చి చెట్టునీడన పెట్టింది నేను. కుట్టించుకుని మొహం బూరెలా వాచిపోయి పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానుకున్నది నేను. ఆయన ఆదివారాలు పొగడబ్బా పట్టుకునేవారు, అంతే. అంతే అంటే ఆయనకు కోపం వస్తుంది గాని, అంతే.

పొగడబ్బా అంటే రేకుడబ్బాకు తిత్తి బిగించి ఉంటుంది. లోపల కొబ్బరిపీచు అంటించి తిత్తి నొక్కితే మూతిలోంచి పొగ వస్తుంది. మూత తీసే ముందు రెండుసార్లు పొగ పడితే ఈగలు మన సంగతి మర్చిపోయి తేనె తాగడంలో పడతాయి. పదిహేను రోజులకోసారైనా పెట్టె తెరిచి చూసుకోవాలి. రాణి గుడ్లు పెడుతోందా, మైనం తినే పురుగు చేరిందా అని చూడకపోతే, ఒకరోజు వెళ్ళేసరికి పెట్టె ఖాళీగా ఉంటుంది.

కిందటేడు మామిడిపూత రోజుల్లో నాలుగో పెట్టె ముందు వంగి ఉండగా గాలి మళ్ళింది. పీచుపొగంతా నా మొహాన కొట్టింది. చిన్నప్పటినుంచీ ఉన్న ఉబ్బసమే గాని, ఆ రోజులా ఎప్పుడూ ఊపిరాడకుండా పోలేదు. వంతెన దాటించి రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చారు. మూడోరోజు డాక్టరుగారు, "అమ్మా, అది కట్టెపొగ కానివ్వండి, దేవుడి దగ్గర అగరుబత్తి కానివ్వండి, పొగ దరిదాపుల్లో మీరు ఉండకూడదు" అన్నారు.

ఇంటికొచ్చిన వారానికి మా ఆయన అన్నం తింటూ, "జంగారెడ్డిగూడెం వైపు జీడితోటల్లో పెట్టెలు పెట్టే ఆయనతో మాట్లాడాను. వచ్చేనెల మొదటి సోమవారం వ్యాను తెస్తానన్నాడు" అన్నారు.

"దేనికండి?"

"పెట్టెలు ఇచ్చేద్దాం. నీ ఊపిరి కంటే ఎక్కువా అవి?"

ప్రేమతోనే అన్నారు. కాదనను. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను మొదలుపెట్టి నేను నిలబెట్టిన పని అదొక్కటే. చీర కొనేటప్పుడు కూడా రంగు ఎలా ఉందని నన్ను అడిగే మనిషి, పెట్టెలు ఇచ్చేసేటప్పుడు మాత్రం ఒక్కమాట అడగలేదు. నేను గట్టిగానే చెప్పాను, పొగ లేకుండా చూసుకుంటానని. ఆయన నవ్వి, "సరే. ఒక ఆదివారం నా కళ్ళముందు ఎనిమిది పెట్టెలూ పొగ లేకుండా తెరిచి చూపించు. ఎవరినీ కుట్టకూడదు. తెరిస్తే ఉంటాయి, లేకపోతే వెళ్తాయి" అన్నారు.

ఆయనకు తణుకు పంచదార ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆదివారం ఒక్కరోజే ఇంటిపట్టున ఉంటారు. మిగతా ఆరు రోజులూ నావి.

ఇస్త్రీబట్టల మీద నీళ్ళు చిమ్మే సీసాతో మొదలుపెట్టాను. మంచులా సన్నగా చిమ్మితే వాన అనుకుంటాయో ఏమో, పైకి లేవకుండా కిందికి దిగుతాయి. కాసేపే. తర్వాత నీళ్ళలో కాస్త పంచదార కలిపాను. అది బాగా పనిచేసింది. రెక్కలమీద పడ్డ తీపిని ఒకదాన్నొకటి నాక్కుంటూ నన్ను పట్టించుకోలేదు. మర్నాడు ఉత్సాహం ఎక్కువై పాకంలా చిక్కగా కలిపి చెంబుడు కింద ఒలకబోశాను. పక్కపెట్టెల్లోని ఈగలన్నీ దోపిడీకి వచ్చిపడ్డాయి. అత్యాశ వద్దని అప్పుడే బుద్ధొచ్చింది. పలచగా, తక్కువగా, ఒలక్కుండా.

తర్వాత గుడ్డ. అత్తయ్య పాత నేతచీరను రెండు ముక్కలు చేసి తడిపి పిండి, మూత తీయగానే పెట్టె మీద కప్పేదాన్ని. లోపల తెట్టెలు కట్టిన చట్రాలు వరసగా ఉంటాయి. చూడాల్సిన చట్రం మటుకు బయటపెట్టి మిగతావాటిని చీకట్లోనే ఉంచేదాన్ని. ఎండ బాగా వచ్చి సగం ఈగలు మేతకు వెళ్ళాక, పదిగంటలప్పుడు తెరిచేదాన్ని. తల్లో పూలు పెట్టుకోవడం మానాను. గాజులు పెట్టె అంచుకు తగిలి చప్పుడు చేస్తున్నాయని మా ఆయన పాత చొక్కా వేసుకుని, గాజులు పైకి తోసి చేతుల గుండీలు పెట్టేసి, పలచటి గుడ్డ చేతితొడుగులు వేసుకునేదాన్ని. ఆరేడు పెట్టెల వరకూ ఒక్క ఈగా కుట్టకుండా తెరిచిన రోజులున్నాయి. చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది.

ఆదివారం వచ్చింది. మా ఆయన మోటారుషెడ్డు దగ్గర, నాకు పొగ తగలనంత దూరంలో, పొగడబ్బా అంటించి పెట్టుకుని కూర్చున్నారు. నా మీద అంత నమ్మకం.

అత్తయ్య పళ్ళెంతో వచ్చింది. మొదటినుంచీ ఇది ఆవిడ అలవాటు. ఆదివారం పెట్టెలు తెరిచేముందు మొదటి పెట్టె ఎదుట ఇటుకరాయి మీద మా చెట్టు చక్రకేళి అరటిపండు పెట్టి, దానికి రెండు అగరుబత్తులు గుచ్చి వెలిగించేది. నేను ఆసుపత్రినుంచి వచ్చాక ఆవిడ అగరుబత్తి మానేసింది. తోటలోనే కాదు, ఇంట్లో దేవుడి దగ్గరా మానేసింది. ముప్పైఏళ్ళ అలవాటు నాకోసం ఒక్కరోజులో వదిలేసిన మనిషి ఆవిడ. ఆ రోజు అగరుబత్తికి బదులు, నైవేద్యానికి చేసినట్టు, బాగా ముగ్గిన పండు కొన తొక్క ఒలిచి ఇటుక మీద పెట్టి దణ్ణం పెట్టుకుంది.

నేను నీళ్ళు చిమ్మి మూత ఎత్తాను. గుడ్డ కప్పేలోపే లేచాయి. అంతకుముందు నేనెన్నడూ వినని రొద. చేతిమీద నాలుగు, మెడ మీద రెండు. అత్తయ్య కొంగు కప్పుకుని కూర్చుండిపోయింది. మా ఆయన పరుగెత్తుకొచ్చారు, ఆయన కనురెప్ప మీద కుట్టింది. ఎలాగో మూత వేసి ముగ్గురం ఇంట్లో పడ్డాం.

"చూశావా? పొగ లేకపోతే ఇంతే" అన్నారు ఆయన, వాచిన కంటికి మంచుముక్క పెట్టుకుంటూ. "రేపు కాక వచ్చే సోమవారం వ్యాను వస్తుంది."

నేను గదిలోకి వెళ్ళి ఏడ్చాను. నొప్పికి కాదు. ఆరు రోజులూ ఊరుకున్న ఈగలు ఏడోరోజు ఎందుకు లేచాయో తెలియక, ఆయన మాటే నిజమవుతుందేమోనని ఏడ్చాను. ఏడుస్తూనే చేతితొడుగులో విరిగిన ముళ్ళు ఏరుతుంటే ముక్కుకు ఒక వాసన తగిలింది. ముగ్గిన చక్రకేళి వాసన. నేనసలు పండు ముట్టుకోలేదు. తొడుగు మళ్ళీ వాసన చూశాను. ముల్లు దిగినచోటల్లా అదే.

మర్నాడు ఆయన తణుకు వెళ్ళగానే తోటలోకి వెళ్ళాను. ఒక పెట్టె గుమ్మం ముందు జామపండు ముక్క పెట్టాను. కాపలా ఈగలు పట్టించుకోలేదు. అది తీసేసి ఒలిచిన చక్రకేళి పెట్టి పది అడుగులు వెనక్కి వచ్చాను. నిమిషం కాకముందే గుమ్మం ఈగలతో నల్లబడింది. ఈగ కుట్టినప్పుడు మిగతావాటిని పిలవడానికి ఒక వాసన వదులుతుందని శిక్షణలో విన్నాను; ఆ వాసనా, మన ముగ్గిన అరటిపండు వాసనా ఒకటే. ఇన్నాళ్ళూ పొగ ఆ వాసనను కప్పేసింది. పొగ మానేశాం, పండు మాత్రం ఉంచాం, పైగా తొక్క ఒలిచి పెట్టాం. మామూలు రోజుల్లో నేను తెరిచినప్పుడు అత్తయ్య పళ్ళెం లేదు, అందుకే కుట్టలేదు.

కారణం దొరికినందుకు సంతోషం ఒక్క క్షణమే. ఈ మాట అత్తయ్యకు చెప్పడం ఎలా? నాకోసం అగరుబత్తి మానుకున్న మనిషితో, నీ నైవేద్యం వల్లే కుట్టాయని ఏ నోటితో అనను? రెండురోజులు మింగలేక కక్కలేక తిరిగాను. బుధవారం మధ్యాహ్నం ఆవిడ వాకిట్లో బియ్యం ఏరుతుంటే వెళ్ళి తొడుగు చేతికిచ్చాను. అంతకుముందే పెట్టె దగ్గర కావాలనే ఒక ఈగతో తొడుగు మీద కుట్టించుకుని వచ్చాను.

"వాసన చూడండి, అత్తయ్యా."

చూసింది. "చక్రకేళి. పండుముద్ద పూశావేంటే?"

"లేదండి. ఈగ కుట్టిన చోటు అది."

ఆవిడ మళ్ళీ చూసింది. తొడుగు ఒళ్ళో పెట్టుకుని తోటవైపు తిరిగింది. "అయితే వాటి కోపాన్ని నేనే పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళానన్నమాట" అంది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకుని, "చాల్లే, ముందు ఆ గుడ్డ సంగతి చెప్పు. తడిపింది ఎవరు పట్టుకోవాలి?" అంది.

వ్యాను వచ్చేలోపు ఇంకొక్కసారి తెరుస్తానంటే సరేనని, ఆదివారం మా ఆయన మళ్ళీ మోటారుషెడ్డు దగ్గర పొగడబ్బాతో కూర్చున్నారు. అత్తయ్య పళ్ళెం లేకుండా, కుంకుడుకాయతో రుద్దుకున్న వట్టిచేతులతో వచ్చింది. "దేవుడి సంగతి ఇంట్లో నేను చూసుకున్నాను. ఇక్కడి సంగతి నువ్వు చూసుకో" అంది. నేను నీళ్ళు చిమ్మాను. ఆవిడ గుడ్డ కప్పింది. ఒక్కో చట్రం ఎత్తి, చూసి, దింపాను. మొదటి పెట్టె. రెండోది. నాలుగో పెట్టె దగ్గర గాలి ఎటునుంచి వస్తోందో ఒకసారి చూసుకుని మూత ఎత్తాను. ఆరో పెట్టెలో రాణి కనపడితే ఆవిడకు చూపించాను. "పొడుగ్గా భలే ఉందే!" అంది, గుడ్డ మాత్రం వదల్లేదు. ఎనిమిదో పెట్టె మూత వేసేసరికి పన్నెండు దాటింది. ఎవరినీ ఒక్క ఈగా కుట్టలేదు.

వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన పొగడబ్బా బోర్లించి, పీచు మీద నీళ్ళు పోసి ఆర్పేసి, ఫోనులో మాట్లాడుతున్నారు.

"రేపు వ్యాను తీసుకురాకండి. లేదండి, రేటు గొడవ కాదు. పెట్టెలు నావి కావండి, మా ఆవిడవి. ఆవిడ ఇవ్వనంటోంది."

నేను అప్పటికింకా ఆ మాట అననే లేదు.