కూర్చుందామని వేయించుకున్న అరుగు

కొత్త కాపురంలో ఒకరు నగ అడుగుతారు, ఇంకొకరు చీర అడుగుతారు. నేను అడిగింది సాయంత్రం పూట కాళ్లు వేలాడేసుకుని కూర్చునే చోటు. గజపతినగరం అవతల మావ ఇచ్చిన మెట్టముక్కలో నేనూ బావా (మా ఆయనే, మేనత్త కొడుకు) మట్టి తొక్కి, గోడలు పెట్టి, తాటాకు కప్పి ఒంటిగది ఇల్లు కట్టుకున్నాం. వాన పడితే వాకిలంతా బురద. పగలల్లా ఊడ్పుల్లో వంగిన నడుముకి ఇంటికొస్తే ఆనుకునే చోటే లేదు. "బావా, ముందర తాటిపలకల్తో అరుగెయ్యి" అని పోరాను. "అరుగు సంగతి నీకేటి తెలుసే?" అన్నాడు. తెలియకపోవడమేమిటి, ఐదో తరగతి దాకా చదివినదాన్ని! తూర్పు వైపు వెయ్యమన్నాను, సాయంత్రం ఇంటి నీడ పడుతుందని. బండ్ల దారి కూడా అటే, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుకోవచ్చు (నా నోరు ఊరుకోదు కదా). బురద అందనంత ఎత్తు, నీళ్లు జారడానికి పలకల మధ్య వేలెడు సందు, పైన ముందుకు లాగిన చూరు. "ఇంటికన్నా అరుగే బాగున్నాదే" అని బావ కూడా ఒప్పుకున్నాడు.

మొదటి సాయంత్రం ఇంకా కాళ్లు చాచనేలేదు, మావ వచ్చాడు. మావ ఎదుట కోడలు అరుగు మీద కూర్చుంటుందా? లేచి తలుపు వెనక నిలబడ్డాను. "ఒరే, సల్లగా ఉన్నాదిరా!" అంటూ ఆయన చతికిలబడ్డాడు. ఆయన్ని చూసి సంత నుంచి కిరసనాయిలు సీసాతో వస్తున్న చినమావ ఆగాడు. ఆయన్ని చూసి మిగతా పెద్దలు. వరసకి అందరూ మావలే! "అమ్మీ, మంచినీల్లట్రా." "సుట్టకి నిప్పు తేయే." రోజూ ఇదే. అంతకు ముందు కూర్చునే చోటు లేదు, అంతే; ఇప్పుడు నిలబడే పని కూడా వచ్చి పడింది.

ఒకనాడు ఇక ఓపిక లేక పెరట్లో పిడకల గూడుకి ఆనుకుని ఎండలోనే కూలబడ్డాను. బావ కంగారుగా వచ్చాడు.

"ఏటే, ఏడస్తన్నావా?"

"నేదు బావా, కూకున్నాను."

"ఇక్కడ ఇంకోటి కట్టీమంటావేటి?"

"కట్టు గానీ, నీకు దండమెడతాను, బాగా మాత్రం కట్టకు!"

పడమటెండ మొహాన కొట్టేలా, ఒక పక్కకి ఒరిగేలా రెండు పలకలు వేశాడు. ఎవరూ రాలేదు. కళ్లు మూసుకుని కాళ్లు చాచాను.

ఇన్నేళ్లకి మావ బాగా మెత్తబడ్డాడు. అరుగు మీంచి తనే పిలుస్తాడు, "కూకోయే అమ్మీ, ఎంతసేపని నిల్సుంటావు?" అని. కూర్చుంటాను. దారిలో ఏ పెద్దాయనో కనబడితే చాలు, నాకన్నా ముందు నా కాళ్లు లేచిపోతాయి. నీడా, ఎత్తూ, సందూ అన్నీ ఆలోచించి, మావల్ని మాత్రం మరిచిపోయిన అప్పటి కొత్తకోడలు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ నవ్వేదో కూర్చుని నవ్వుకుంటే బాగుండుననిపిస్తుంది.