గోడలు బాగున్న ఫోటో

నా చిన్నప్పటి కోపాల్లో చాలావాటిని మరిచిపోయాను. ఒక్కటి మాత్రం ఇప్పటికీ వేడిగానే ఉంది. దాన్ని చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు.

అప్పుడు నాకు ఐదేళ్లుంటాయేమో. కోసిగి దగ్గర మా పల్లెలో ఒక గది, దాని ముందు వరండా, అంతే మా బాలవాడి. మాకు పాఠాలు చెప్పే ఆమె ఆదోని నుంచి వచ్చిన ముస్లిం ఇంటి అమ్మాయి. అందరం ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలిచేవాళ్లం. ఆపా గొంతు పెంచగా మేమెప్పుడూ వినలేదు. ఆ ఏడు వానల్లేక మా అమ్మ, నాయన సుగ్గికి పోయారు. పంట పోయినప్పుడు మా వైపు జనం లారీలెక్కి గుంటూరు దిక్కు కూలికి పోతారు, దాన్నే సుగ్గి అంటాం. నన్ను అవ్వ దగ్గర వదిలిపెట్టారు.

ఆ రోజు పెద్ద ఆఫీసరు వస్తాడని ఆపా పొద్దున్నే గదిని అలికించింది. జొన్నలు, కందులు, శనగ్గింజలు కలిపి కుప్ప పోసి వేటికవి ఏరమంది. ఆకులు చూపించి ఏది ఏ చెట్టుదో చెప్పించింది. తర్వాత నల్లరేగడి మట్టి తడిపి తలా ఒక ముద్ద ఇచ్చి, ఎవరికి ఏది గుర్తొస్తే అది చేయమంది. ఒకరు ఎద్దును చేశారు, ఒకరు పొయ్యిని. నేను లారీ చేశాను. దాని వెనకాల రెండు శనగ్గింజలు గుచ్చాను. ఒకటి అమ్మ, ఒకటి నాయన.

మట్టి చేతులు కడిగించడానికి ఆపా కొందరు పసివాళ్లను బోరింగు దగ్గరికి తీసుకుపోయింది. సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. ఆఫీసరు, కెమెరా పట్టుకున్న మనిషి లోపలికి వచ్చారు. ఆఫీసరు నా ముందు ఆగి ఇదేందని అడిగాడు.

"లారీ సార్. మా అమ్మా నాయనా దీంట్లో సుగ్గికి పోయినారు."

ఆయన నవ్వి, బాలవాడిలో మాకు వండిపెట్టే ఆయమ్మ వైపు తిరిగాడు. "సుగ్గోళ్ల పిల్లలు ఇంకెవరుండారు? తలకు నూనె లేదు, ఆ బట్టలు చూడు. ఫోటోలో బాగుండదు. బయట కూర్చోబెట్టు."

ఆయమ్మ తల వంచుకుని మమ్మల్ని లేపింది. వరండాలో కూర్చున్నాక నా లారీని పిడికిట్లో నలిపేశాను. నేను దాన్ని చేయకపోయుంటే అందరం లోపలే ఉండేవాళ్లం కదా అనిపించింది.

ఆపా తిరిగొచ్చి, "ఈడేం చేస్తాండారు?" అని అడిగింది.

"ఫోటోలో మేం బాగుండమంట ఆపా," అన్నాడు నా పక్కనున్న పిల్లవాడు.

ఆపా ముఖం ఎర్రబడింది. విసురుగా లోపలికి పోయి, "సార్, ఆ పిల్లోళ్లను పిలుస్తాండా," అంది.

"ఫోటో అయిపోనీమ్మా. తర్వాత పిలుచుకుందువు."

ఆపా లోపలున్న పిల్లల వైపు తిరిగింది. "మీ మట్టి తీసుకుని రాండి. ఈ పొద్దు మన బడి వరండాలో."

ఎద్దులూ పొయ్యిలూ పట్టుకుని పిల్లలంతా బయటికి వచ్చేశారు. ఆఖరున ఆపా గడప దగ్గర నిలబడి, "ఫోటో తీసుకోండి సార్. గోడలు శానా బాగుండాయి," అంది. అప్పుడు కూడా ఆమె గొంతు మాత్రం పెరగలేదు.

తర్వాత వచ్చి నా పక్కన కూర్చుంది. "ఎందుకు నలిపితివి?"

"దీనివల్లే కదా ఆపా."

"కాదు. నీ తప్పూ కాదు, మీ అమ్మానాయన తప్పూ కాదు. మళ్లీ చేయి."

చేశాను. ఏడుస్తూనే చేశాను. జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

సుగ్గికి పోయినవాళ్లు తిరిగి రాకముందే ఆపాను పనిలోంచి తీసేశారు. ఆఫీసరు మీద నాకు కోపం ఉంది. దానికంటే ఎక్కువ మా ఊరి పెద్దమనుషుల మీద. ఆడపిల్లకు అంత పొగరెందుకు అన్నారే గానీ, ఆమె కోసం ఒక్కరూ అడగడానికి పోలేదు. మా అవ్వ ఒక్కతే వీధిలో నిలబడి అరిచింది. "మన పిల్లోళ్ల కోసం ఆ పాప పై అధికారికి ఎదురు చెప్పె. ఆ పాప కోసం మీరు గడప దాటలేకపోతిరి! థూ!"

ఆపా ఎక్కడుందో, ఏమైందో తర్వాత ఎవరూ చెప్పలేదు. కొత్తగా వచ్చినామె సుగ్గోళ్ల పిల్లలమైన మమ్మల్ని వెనక గోడకు ఆనుకుని కూర్చోమనేది.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. ఆసుపత్రి వరసలో అయినా, మనవరాలి బడిలో అయినా, ఎవరైనా కొందరిని వేరుచేసి "మీరు పక్కకు పోండి" అంటే నా ఒళ్లు మండుతుంది. బీపీ ఉంది, మనకెందుకమ్మా అంటారు నా పిల్లలు. నేను వినను. ముందు పోయి అలా పక్కకు పోయినవాళ్ల మధ్యన నిలబడతాను. ఏం మాట్లాడాలో ఆ తర్వాత చూసుకుంటాను.